పోయెమ్ చికిత్స తరువాత మింగుడు ఇబ్బందులు: సమస్య - పరిష్కారం

అకలేషియా వ్యాధిలో అన్నవాహికకు రెండు లోపాలు ఏర్పడతాయి: ముద్దను కిందికి నెట్టే కండరాల అలలు ఆగిపోతాయి, జీర్ణాశయానికి పైనున్న కండర వలయం మింగినప్పుడు సడలదు. జపాన్ వైద్యుడు హరుహిరో ఇనోయె 2008లో తొలిసారి చేసిన పోయెమ్ (POEM, పెరోరల్ ఎండోస్కోపిక్ మయోటమీ) చికిత్సలో, నోటి ద్వారా ఎండోస్కోప్ (కెమెరా ఉన్న సన్నని గొట్టం) పంపి, అన్నవాహిక లోపొర కింద సొరంగంలా దారి చేసి, బిగుసుకున్న ఆ కండరాన్ని కోస్తారు. దీనితో రెండో లోపం తీరుతుంది. మొదటిది చాలామందిలో అలాగే మిగిలిపోతుంది.

సమస్య: తొలి రోజుల్లోనే జ్వరం, తీవ్రమైన ఛాతీ నొప్పి, ఆయాసం, రక్తపు వాంతి లేదా నల్లటి విరేచనం.
పరిష్కారం: ఇంట్లో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: ముద్ద దిగుతోంది గానీ మెల్లగా దిగుతోంది.
కారణం: నెట్టే అలలు లేనందున ఆహారం చాలావరకు తన బరువుతోనే దిగాలి.
పరిష్కారం: నిటారుగా కూర్చుని, బాగా నమిలి, మధ్యమధ్య నీళ్లు తాగుతూ తినాలి. చికిత్స విఫలమైందని దీన్నిబట్టి అనుకోనక్కరలేదు.

సమస్య: కొంతకాలం బాగుండి, మళ్లీ ముద్ద అడ్డుపడుతోంది.
కారణం: కోత చాలకపోవడం, కోసినచోట మచ్చ కట్టడం, ఆమ్లం వల్ల దారి సన్నబడడం, అన్నవాహిక ముందే సాగి వంకర తిరిగి ఉండడం వంటివాటిలో ఏదైనా కావచ్చు, లక్షణాలను బట్టి ఇది తేలదు.
పరిష్కారం: బేరియం (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) తాగించి 1, 2, 5 నిమిషాలకు తీసే ఎక్స్‌రేలు, మానోమెట్రీ (అన్నవాహిక లోపలి ఒత్తిడిని కొలిచే పరీక్ష), ఎండోస్కోపీ చూశాకే బెలూన్‌తో వెడల్పు చేయాలా, మరో వైపు గోడలో మళ్లీ పోయెమ్ చేయాలా అన్నది నిర్ణయిస్తారు.

సమస్య: గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, పడుకుంటే పొలమారడం.
కారణం: వలయం వదులైతే అన్నం దిగడమే కాదు, ఆమ్లం పైకి రావడమూ సులువవుతుంది. పొట్టపై చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీ శస్త్రచికిత్సలో కండరం కోశాక జీర్ణాశయపు పైభాగాన్ని అడ్డుకట్టలా కుడతారు. మామూలు పోయెమ్‌లో ఆ కుట్టు ఉండదు. ఈ రెండు పద్ధతులను పోల్చి 2019లో వెలువడిన పరిశోధనలో, 3 నెలలకు ఎండోస్కోపీలో ఆమ్లం వల్ల అన్నవాహిక లోపొరలో వాపు, పుండ్లు పోయెమ్ చేయించుకున్నవారిలో 57 శాతం మందికి, శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో 20 శాతం మందికి కనిపించాయి. రెండేళ్లకు అవి 44, 29 శాతాలు. మింగుడు మెరుగుపడడంలో మాత్రం రెండూ దాదాపు సమానంగా నిలిచాయి.
పరిష్కారం: వైద్యుడు రాసిన ఆమ్లం తగ్గించే మాత్రను భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి, రాత్రి తిన్న మూడు గంటల వరకు పడుకోకూడదు, మంచం తలవైపు ఎత్తుగా ఉంచాలి. మంట తగ్గకపోతే మాత్రల మోతాదు సొంతంగా పెంచడం సరికాదు, ఎందుకంటే అన్నవాహికలో నిలిచిన ఆహారం పులిసినా అలాగే మండుతుంది. ఆ తేడాను అన్నవాహికలో ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ పరీక్షే తేలుస్తుంది. అసలు మంటే లేనివారిలోనూ ఆ వాపు, పుండ్లు ఉండవచ్చు కనుక, బాగానే ఉన్నామనుకున్నా వైద్యుడు చెప్పిన గడువుకు ఎండోస్కోపీ చేయించుకోవాలి.