రెండో ఫ్లాస్క్ ఇన్‌క్యుబేటర్‌లోనే ఉండాలి: సెల్ కల్చర్‌లోకి (ల్యాబ్‌లో కణాలు పెంచే పనిలోకి) దిగేవాళ్లకు జాగ్రత్తలు

మా పక్క ల్యాబ్‌కి పోయిన వారం ఎస్‌టీఆర్ (కణాలు ఎవరివో డీఎన్‌ఏతో తేల్చే టెస్టు) రిపోర్టు వచ్చింది. రొమ్ము క్యాన్సర్ కణాలనుకుని ఇన్నాళ్లూ మందులు పరీక్షించినవి హీలా కణాలట, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి వచ్చినవి. జర్నల్ అడిగేదాకా ఎవరూ టెస్టుకి పంపలేదు. ఇప్పుడు ఆ డేటా దేనికీ పనికిరాదు. రీసెర్చ్ అసిస్టెంట్లుగా కొత్తగా చేరుతున్నవాళ్లు ఇది చదవండి. కోటు, గ్లవ్స్, 70 శాతం ఆల్కహాల్ గురించి మొదటి రోజే చెప్తారు కాబట్టి వాటి జోలికి పోను.

హుడ్‌లో (శుభ్రమైన గాలి వీచే పని పెట్టెలో) ఒకసారికి ఒకే సెల్ లైన్ (ఒకే మూలం నుంచి పెంచుతూ వచ్చే కణాలు). అది ముగించి, తుడిచి, కాసేపు ఆగాకే రెండోది తీయండి. ఒక మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం) సీసాని, ఒక ట్రిప్సిన్ (ఫ్లాస్క్‌కి అంటుకున్న కణాలను విడదీసే ఎంజైమ్) సీసాని రెండు లైన్లకి వాడొద్దు. హీలా కణాలు దాదాపు రోజుకోసారి రెట్టింపవుతాయి, అందుకే పైపెట్ కొసన ఒక్క చుక్క అటు దాటినా, నెమ్మదిగా పెరిగే మీ కణాలను కొన్ని పాసేజ్‌లలోనే (కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చే విడతల్లోనే) మింగేస్తాయి, మైక్రోస్కోప్‌లో చూస్తే తేడా తెలియకపోవచ్చు. ఈ సంగతి 1966లోనే జన్యుశాస్త్రవేత్త గార్ట్‌లర్ బయటపెట్టాడు, అయినా ఇప్పటికీ జరుగుతూనే ఉంది. నేను చూసినవాళ్లలో తెలియక చేసినవాళ్లు తక్కువ. టైం లేదని రెండు ఫ్లాస్క్‌లూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్లే ఎక్కువ.

కల్చర్‌లోకి చొరబడే అతి చిన్న బ్యాక్టీరియా, మైకోప్లాస్మా, ఇంకో తలనొప్పి. దానికి కణగోడ ఉండదు, కాబట్టి పెన్సిలిన్ ఏమీ చెయ్యలేదు. మీడియా మసకబారదు కూడా. పెన్‌స్ట్రెప్ (పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిపిన మందు) వేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి, నెలనెలా పీసీఆర్ (దాని డీఎన్‌ఏని పట్టే టెస్టు) చేయించండి. బయటి ల్యాబ్ నుంచి వచ్చిన కణాలను టెస్టు అయ్యేదాకా విడి ఇన్‌క్యుబేటర్‌లో ఉంచండి.

ఇక మీ ఒంటికి సంబంధించినవి. కణాలను గడ్డకట్టించి దాచే లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు. వయల్ (కణాలుండే చిన్న సీసా) మూత సరిగా పట్టకపోతే ద్రవం లోపలికి చేరుతుంది, బయటికి తీయగానే అది సుమారు 700 రెట్ల వాయువుగా మారి వయల్ పేలిపోతుంది. కళ్లద్దాలు చాలవు, ముఖం మొత్తం కప్పే షీల్డ్ పెట్టుకోండి. గాలి ఆడని గదిలో ట్యాంక్ తెరవొద్దు.

వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టొద్దు. పేషెంట్ శాంపిల్ ఏదైనా ఇన్ఫెక్షన్ ఉన్నట్టే చూడండి. మీ సొంత రక్తం, మీ సొంత కణాలు కల్చర్ చెయ్యొద్దు, అవి తిరిగి ఒంట్లోకి వెళ్తే మీ ఇమ్యూనిటీ వాటిని పరాయివిగా గుర్తించదు. ట్రైజాల్ (ఆర్‌ఎన్‌ఏ తీయడానికి వాడే రసాయనం) వేస్ట్‌లో బ్లీచ్ పోయొద్దు, విషవాయువు వస్తుంది. గ్లవ్స్‌తో ఫోన్ ముట్టొద్దు. డాక్సోరూబిసిన్ (క్యాన్సర్ మందు) ఒలికితే దాచొద్దు, వెంటనే చెప్పండి. లేబుల్ మీద లైన్ పేరు, పాసేజ్ నంబర్, తేదీ రాయండి, ఆల్కహాల్‌కి చెరగని మార్కర్‌తోనే. కొత్త లైన్ రాగానే ఎస్‌టీఆర్‌కి పంపండి, ఫ్రీజ్ చేసే ముందు మళ్లీ పంపండి. ఒక లైన్, ఒక సీసా. సార్ తొందరపెట్టినా, సెంట్రిఫ్యూజ్ ఖాళీగా ఉన్నా, రాత్రి ఎంతయినా, మొదటిది ముగిసేదాకా రెండో ఫ్లాస్క్ ఇన్‌క్యుబేటర్‌లోంచి తీయొద్దు.