పిస్టల్ రీలోడింగ్, 4వ పాఠం: పూత పూసిన సీసం బుల్లెట్‌ను ఎంచుకోవడం

పోయిన పాఠంలో కేసులు (కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలు) సైజ్ చేసి ప్రైమర్లు (తుపాకీ మందుని అంటించే చిన్న మూతలు) ఎక్కించాం. ఇప్పుడు బుల్లెట్లు, అంటే తూటా కొసన ఉండి దూసుకెళ్లే ముక్కలు, కొనాలి. (మళ్లీ చెబుతున్నా, ఇవి అమెరికాలో ఉంటూ రేంజ్‌కి వెళ్లేవాళ్ల కోసం రాస్తున్న పాఠాలు. భారత్‌లో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధ చట్టం కింద నేరం.)

ఎరుపు, ఆకుపచ్చ, నీలం... ఏ రంగు పూత మంచిదని చాలామంది అడుగుతారు. రంగును పక్కన పెట్టండి. ముందు మీ బ్యారెల్ (తుపాకీ గొట్టం) లోపలి కొలత ఎంతో తెలియాలి.

మామూలు సీసం బుల్లెట్‌కి గాడిలో మైనం పట్టిస్తారు. కాల్చినప్పుడల్లా పొగ, చేతులకు జిడ్డు. పూత బుల్లెట్‌కి ఆ మైనం బదులు పలచటి పాలిమర్ పొర వేసి, ఓవెన్‌లో సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో గట్టిపరుస్తారు. పొగ బాగా తగ్గుతుంది, రాగి జాకెట్ (సీసం మీద రాగి తొడుగు) ఉన్న బుల్లెట్ కంటే ధర కూడా తక్కువే. అయితే ఈ పొర సీసం బ్యారెల్‌కి రాసుకోకుండా ఆపుతుందే తప్ప, బుల్లెట్ వదులుగా ఉంటే ఏమీ చేయలేదు. కుక్కర్ గాస్కెట్ వదులైతే పక్కనుంచి ఆవిరి చిమ్మినట్టు, వదులు బుల్లెట్ పక్కనుంచి వేడి వాయువు దూసుకుపోతుంది. దారిలో పూతనూ సీసాన్నీ కోసుకుంటూ పోతుంది. తర్వాత బ్యారెల్లో చారలు చారలుగా అంటుకున్న సీసాన్ని గీకుతూ కూర్చోవాలి. వదులు మరీ ఎక్కువైతే బుల్లెట్ పల్టీలు కొట్టి, టార్గెట్ కాగితం మీద గుండ్రటి చిల్లు బదులు తాళంచెవి కన్నం ఆకారం పడుతుంది.

అందుకే సీసం బుల్లెట్ జాకెట్ దానికంటే కాస్త లావుగా ఉండాలి. 9 ఎం.ఎం. రకం తూటాలో జాకెట్ బుల్లెట్ 0.355 అంగుళాలైతే పూతది 0.356. పాయింట్ 38 స్పెషల్‌లో 0.357కి బదులు 0.358. పాయింట్ 45 ఏసీపీలో 0.451కి బదులు 0.452. ఇవి మామూలు లెక్కలు. మీ బ్యారెల్ వీటికి లోబడి ఉంటుందని నమ్మకం లేదు, కొలవాల్సిందే.

కొలవడం ఇలా. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని బ్యారెల్ విడదీయండి. లోపల నూనె పలచగా రాయండి. చేపల గాలానికి కట్టే మెత్తటి సీసం గుండు ఒకటి, బ్యారెల్ కన్నం కంటే రవ్వంత పెద్దది, చెక్క సుత్తితో మెల్లగా లోపలికి కొట్టి, చెక్క కడ్డీతో అవతలికి తోయండి. బయటికొచ్చిన గుండు మీద బ్యారెల్ లోపలి మెలి గాళ్ల ముద్రలు స్పష్టంగా కనిపిస్తాయి. ఎత్తుగా ఉన్న రెండు గట్ల మధ్య మైక్రోమీటర్ పెట్టి కొలవండి. కాలిపర్ ఈ పనికి చాలదు. వచ్చిన అంకెకి 0.001 అంగుళం కలిపితే మీకు కావలసిన బుల్లెట్. గాళ్లు బేసి సంఖ్యలో ఉంటే (చాలా స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లలో అయిదు ఉంటాయి) ఎదురెదురు గట్లు దొరకవు. అప్పుడు తుపాకీ పనివాడి దగ్గర ఉండే వి-బ్లాక్ మైక్రోమీటర్ కావాలి.

రివాల్వర్ ఉన్నవాళ్లకి ఇంకో మెలిక. సిలిండర్ గదుల ముందు భాగం, అంటే థ్రోట్, బ్యారెల్ కంటే ఇరుకుగా ఉంటే బుల్లెట్ అక్కడే నలిగి సన్నబడిపోతుంది. ఆ తర్వాత ఎంత లావుది కొన్నా ఫలితం ఒకటే. బుల్లెట్‌ని గదిలో ముందువైపు నుంచి వేలితో తోసి చూడండి. కాస్త బిగుతుగా దిగితే సరిపోయినట్టే.

గట్టిదనం సంగతికొస్తే, బ్రినెల్ అంకె (లోహం గట్టిదనాన్ని కొలిచే అంకె) 12 నుంచి 16 మధ్య ఉన్నవి మామూలు 9 ఎం.ఎం. తూటాలకి చాలు. ‘ఎంత గట్టిదైతే అంత మంచిది’ అన్నది అమ్మేవాళ్ల మాట. మెల్లగా పోయే 38 స్పెషల్ తూటాకి మరీ గట్టి బుల్లెట్ కొంటే అది ఒత్తిడికి వ్యాకోచించి గాళ్లని మూయదు.

పూత బాగుందో లేదో ఇంట్లోనే తేలుతుంది. అసిటోన్‌లో తడిపిన తెల్ల గుడ్డతో రుద్దండి. రంగు దిగితే పూత ఓవెన్‌లో సరిగా గట్టిపడలేదన్నమాట. ఇంకో బుల్లెట్‌ని సుత్తితో చపటగా కొట్టండి. పొర పెచ్చులుగా ఊడకుండా సీసంతోపాటే సాగాలి. అందుకే మొదట చిన్న ప్యాకెట్ తెప్పించుకోండి, వేల లెక్కన తర్వాత కొనొచ్చు.

బరువు మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) పోటీల్లో ‘మైనర్’ అనే తక్కువ శక్తి వర్గానికి పవర్ ఫ్యాక్టర్ కనీసం 125 ఉండాలి: గ్రెయిన్లలో బుల్లెట్ బరువుని సెకనుకు అడుగుల్లో వేగంతో గుణించి వెయ్యితో భాగించాలి. 147 గ్రెయిన్లది 900 అడుగుల వేగంతో 132 ఇస్తుంది. 124 గ్రెయిన్లది 1050తో 130. లెక్కకి రెండూ ఒకటే, చేతికి మాత్రం బరువైనది మెత్తగా తన్నుతుంది. నాకు 147 ఇష్టం.

తుపాకీ మందు మోతాదు అచ్చయిన రీలోడింగ్ మాన్యువల్లో అదే బరువు, అదే ఆకారపు సీసం బుల్లెట్ పట్టిక నుంచే తీసుకోవాలి, కనిష్ఠం నుంచి మొదలుపెట్టాలి. గ్లాక్ పిస్టల్ ఉన్నవాళ్లు ఆ తుపాకీ మాన్యువల్ తెరిచి చూడండి, రీలోడ్ చేసిన తూటాలు వాడొద్దనే ఉంటుంది. పూత ఉన్నా ప్రైమర్లలో సీసం ఉంటుంది కాబట్టి, పని అయ్యాక చన్నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కునే తినండి.

వచ్చే పాఠం కేసు నోరు విప్పడం మీద. నోరు చాలినంత విప్పకపోతే బుల్లెట్ దిగేటప్పుడు పూత రింగులా చెక్కుకుపోతుంది. ఈలోపు బ్యారెల్ కొలిచి, అంకె రాసిపెట్టుకోండి. ఆ అంకె లేకుండా ఆర్డర్ పెట్టకండి.