పీక్‌లు రన్ రన్‌కీ వెనక్కి జరుగుతున్నాయా? కేపిలరీ గోడను అనుమానించండి

సమస్య: అదే శాంపిల్, అదే వోల్టేజ్. అయినా కేపిలరీ ఎలెక్ట్రోఫొరెసిస్‌లో (సన్నని సిలికా గొట్టంలో వోల్టేజ్‌తో పదార్థాలను విడదీసే పద్ధతి) మైగ్రేషన్ టైమ్, అంటే పదార్థం డిటెక్టర్‌ను చేరే సమయం, ప్రతి రన్‌కీ కాస్త పెరుగుతోంది. లేదా పీక్‌లకు, అంటే డిటెక్టర్ గ్రాఫ్‌లో ఒక్కో పదార్థం చూపే శిఖరాలకు, తోకలు వస్తున్నాయి.

బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) మళ్లీ కలపడానికి లేవకండి. ముందు కేపిలరీ కొసను భూతద్దంతో చూడండి. కోత వంకరగా, పెచ్చులూడినట్టు ఉంటే పీక్‌లన్నిటికీ తోక వస్తుంది, తటస్థ మార్కర్‌గా (ఆవేశం లేక, కేపిలరీలోని ద్రవ ప్రవాహంతోనే కదిలే పదార్థంగా) కలిపిన డీఎంఎస్‌ఓ ద్రావకంతో సహా. వంకర లేకుండా మళ్లీ కోస్తే సరిపోతుంది. నిమిషం పట్టే ఈ పని వదిలేసి రోజంతా పోగొట్టుకునేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

మార్కర్ పీక్ బాగుండి, లైసోజైమ్ లాంటి క్షార ప్రొటీన్‌లకే తోక వస్తుంటే అవి గోడకు అంటుకుంటున్నాయి. పీహెచ్ 7 దగ్గర ఆ ప్రొటీన్‌కు ధనావేశం, సిలికా గోడ మీది సిలనాల్‌లకు (Si-OH గుంపులకు) రుణావేశం. పీహెచ్ 2.5 ఫాస్ఫేట్ బఫర్‌కు మారండి, లేదా కోటింగ్ ఉన్న కేపిలరీ వాడండి.

ఇక టైమ్ జరగడం. రెండు వైపులా బఫర్ వయల్‌లు మార్చి చూడండి. టైమ్ మొదటి రన్ విలువకు తిరిగొస్తే తప్పు వయల్‌లది: ఎలెక్ట్రాలిసిస్ వల్ల వాటి పీహెచ్ మారింది. కరెంట్ నిలకడగా ఉండి, వయల్‌లు మార్చినా మార్కర్ అలాగే ఆలస్యమవుతూ పోతుంటే కారణం గోడే. ఎక్కువమందిని బోల్తా కొట్టించేది ఇదే.

సిలికా గోడ తన పాత పీహెచ్‌ను త్వరగా వదలదు. సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగితే సిలనాల్‌లు ప్రోటాన్‌లు పోగొట్టుకుంటాయి, ఎలెక్ట్రోఆస్మాటిక్ ఫ్లో (గోడ ఆవేశం వల్ల, వోల్టేజ్ పెట్టినప్పుడు బఫర్ మొత్తంగా కదిలే ప్రవాహం) పెరుగుతుంది. వెంటనే పీహెచ్ 4.5 అసిటేట్ బఫర్ నింపినా గోడ కొత్త స్థితికి మెల్లగా వస్తుంది. అప్పటిదాకా ఫ్లో రన్ రన్‌కీ తగ్గుతుంది, మార్కర్ ఆలస్యమవుతుంది. అదే బఫర్‌లో, ఆమ్లంతో కడిగిన కేపిలరీ ఒక ఫ్లో ఇస్తే క్షారంతో కడిగినది ఇంకో ఫ్లో ఇస్తుంది. పీహెచ్ 4 నుంచి 6 మధ్య ఈ తేడా బాగా కనిపిస్తుంది. బాధేమిటంటే, ఇలా టైమ్ జరగడం (డ్రిఫ్ట్) కనబడగానే 'శుభ్రం చేద్దాం' అని జనం మళ్లీ సోడియం హైడ్రాక్సైడే తోస్తారు. గడియారం మళ్లీ మొదటికొస్తుంది!

పరిష్కారం: ఆమ్ల పద్ధతులకు ఒక కేపిలరీ, క్షార పద్ధతులకు ఇంకొకటి విడిగా పెట్టి లేబుల్ అంటించండి. ఆమ్ల పద్ధతికి 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగి, నీళ్లు, తర్వాత రన్ బఫర్ తోయండి. వీలైతే రాత్రంతా బఫర్‌లోనే ఉంచండి. రన్‌ల మధ్య బఫర్ ఒక్కటే చాలు. మార్కర్ టైమ్ నిలబడ్డాకే శాంపిల్ పెట్టండి. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ వాడిన కేపిలరీని మాత్రం మామూలు పద్ధతులకు తేవద్దు, డిటర్జెంట్ ఆనవాళ్లు గోడను అంత తేలిగ్గా వదలవు.

లోపలి గోడ గరుకుగా ఉందేమో అని టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. కొత్త కేపిలరీలో ఆ అనుమానం అక్కర్లేదు. గాఢ క్షారంతో చాలాకాలం కడిగితే సిలికా కరుగుతుంది, అప్పుడు కేపిలరీ మార్చేయండి. అసిటోనైట్రైల్ వల్ల కొస దగ్గర కేపిలరీ బయటి పాలీఇమైడ్ (ప్లాస్టిక్) పొర ఉబ్బితే అక్కడ ఒకటి రెండు మిల్లీమీటర్లు కాల్చి తీసేయండి.