ఫ్యూయల్ ఇంజెక్టర్లను విప్పకుండా పరీక్షించడం ఎలా?

ఇంజిన్‌లో మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) రాగానే ఇంజెక్టర్లన్నీ ఊడదీసి క్లీనింగ్‌కు పంపడం తప్పు. లోపం స్పార్క్ ప్లగ్‌లోనో ఇగ్నిషన్ కాయిల్‌లోనో ఉంటే ఆ పనంతా వృథా, పైగా బాగున్న ఓ-రింగులు (లీకు ఆపే రబ్బరు రింగులు) పాడవుతాయి. ఇంజెక్టర్ ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లన్నిటికీ పెట్రోల్ అందించే గొట్టం) మీద ఉండగానే పరీక్షించాలి.

మల్టీమీటర్, మెకానిక్ స్టెతస్కోప్, నాయిడ్ లైట్ (ఇంజెక్టర్ కనెక్టర్‌లో పెట్టి సిగ్నల్ చూసే చిన్న బల్బు), ఫ్యూయల్ ప్రెషర్ గేజ్, పల్స్ టెస్టర్ (ఇంజెక్టర్‌ను కచ్చితమైన సమయం పాటు తెరిచే పరికరం) కావాలి. పక్కనే మంటలార్పే సిలిండర్ ఉండాలి. ఈ పద్ధతి ఇన్‌టేక్ పోర్టులోకి (సిలిండర్‌కు గాలి వెళ్లే దారిలోకి) పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకే. జీడీఐ (నేరుగా సిలిండర్‌లోకే పెట్రోల్ చిమ్మే రకం), డీజిల్ కామన్ రైల్ ఇంజెక్టర్ల మీద ఈ పద్ధతి వాడకండి. వాటి వోల్టేజీ, ప్రెషర్ రెండూ ప్రమాదకరం.

ముందు ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి ఒక్కో ఇంజెక్టర్‌కు స్టెతస్కోప్ ఆనించి వినండి. టిక్ టిక్ మని అన్నీ ఒకేలా కొట్టుకోవాలి. శబ్దం వస్తే లోపల సూది కదులుతోందని మాత్రమే అర్థం, స్ప్రే బాగుందని కాదు.

తర్వాత కీ ఆపి, ఇంజిన్ చల్లారాక, కనెక్టర్ తీసి రెండు పిన్నుల మధ్య రెసిస్టెన్స్ చూడండి. హై ఇంపెడెన్స్ (కాయిల్ రెసిస్టెన్స్ ఎక్కువగా ఉండే) రకానికి సాధారణంగా 12-16 ఓమ్‌లు, లో ఇంపెడెన్స్‌కు 2-5. వేడి మీద కొలవద్దు: 30 డిగ్రీల దగ్గర 12 ఓమ్‌లు చూపిన రాగి కాయిల్ 80 డిగ్రీల దగ్గర 14 దాటుతుంది. మీటర్ ఓపెన్ (సర్క్యూట్ తెగినట్టు) చూపిస్తే కాయిల్ తెగినట్టే.

కనెక్టర్‌లో నాయిడ్ లైట్ పెట్టి స్టార్టర్ తిప్పితే అది మిణుకుమనాలి. వెలగకపోతే ఒక వైరులో 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. రెండో వైరును గ్రౌండ్ చేసేది ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్). ఆపకుండా వెలుగుతుంటే ఆ రెండో వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా ఈసీయూలోని డ్రైవర్ సర్క్యూట్ పోయింది.

అసలు పని ప్రెషర్ డ్రాప్ పరీక్ష. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపి ప్రెషర్ దించాకే గేజ్ బిగించండి. ఫ్యూజు తిరిగి పెట్టి కీ ఆన్ చేస్తే పంపు కొద్ది సెకన్లు తిరిగి ఆగుతుంది. గేజ్ ముల్లు నిలిచి ఉందో లేదో ఒక నిమిషం గమనించండి. దానంతటదే జారుతుంటే ఏదో ఒక ఇంజెక్టర్ కారుతోంది, లేదా ప్రెషర్ రెగ్యులేటర్‌లోనో పంపు చెక్ వాల్వులోనో (పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే వాల్వు) లోపం. అది తేలకుండా ముందుకెళితే తర్వాతి అంకెలన్నీ అబద్ధాలే.

ముల్లు నిలిస్తే పల్స్ టెస్టర్‌తో ఒక ఇంజెక్టర్‌ను 500 మిల్లీసెకన్లు తెరవండి. 3 బార్ నుంచి 2.2కి దిగితే డ్రాప్ 0.8. మళ్లీ కీ ఆన్ చేసి సరిగ్గా అదే 3 బార్‌కు తెచ్చాకే తర్వాతిది. మొదలు 2.8 అయితే ఆ పోలికకు విలువ లేదు. సగటు కన్నా 10 శాతానికి మించి తక్కువ దిగింది మూసుకుపోయినది, ఎక్కువ దిగింది అతిగా పోస్తున్నది.

ఒక్కో ఇంజెక్టర్‌కు ఒక్క పల్సే. పదేపదే కొడితే పోర్టులో పెట్రోల్ నిలిచి, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. మళ్లీ పరీక్షించాలంటే ఇంజిన్ స్టార్ట్ చేసి ఆ పెట్రోల్‌ను కాల్చేసి, చల్లారనివ్వాలి.

టెస్టర్ లేదని బ్యాటరీ నుంచి వైర్లు లాగి తగిలించకండి. చేత్తో ప్రతిసారీ ఒకే సమయం కుదరదు. 2.5 ఓమ్‌ల కాయిల్‌లో దాదాపు 5 ఆంపియర్లు పారి అది కాలిపోతుంది, వైరు కొస నుంచి రేగే నిప్పురవ్వ పెట్రోల్ ఆవిరి పక్కనే పడుతుంది.

తేడా తేలిన ఇంజెక్టర్‌నే విప్పండి. తిరిగి పెట్టేటప్పుడు కొత్త ఓ-రింగుకు చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి నొక్కండి. స్టార్ట్ చేసేముందు మూడుసార్లు కీ ఆన్ చేసి, రైలు చుట్టూ తడి ఉందేమో టార్చి వేసి చూడండి.