అమెరికాలో ఇంజనీరింగ్ అసోసియేట్ డిగ్రీ: కళాశాల ఎంచుకునే ముందు జాగ్రత్తలు

అసోసియేట్ డిగ్రీ ఇచ్చే కమ్యూనిటీ కళాశాలకు (స్థానికంగా నడిచే రెండేళ్ల కళాశాలకు) దరఖాస్తు చేసే ముందు, అక్కడ ఇచ్చేది అసోసియేట్ ఆఫ్ సైన్స్ పట్టానా, అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ పట్టానా అన్నది తేల్చుకోవాలి. రెండూ సాధారణంగా రెండేళ్ల చదువులే అయినా, మొదటిది విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరంలో చేరడానికి ఉద్దేశించినది, రెండోది ప్రధానంగా టెక్నీషియన్ ఉద్యోగానికి తయారుచేసేది కాబట్టి, ఇంజనీరింగ్ అన్న పేరు ఒక్కటే చూసి చేరకూడదు.

పై చదువే లక్ష్యమైతే, కాల్‌క్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, కాల్‌క్యులస్ ఆధారిత ఫిజిక్స్, స్టాటిక్స్ (కదలని వస్తువులపై పనిచేసే బలాల చదువు) కోర్సులు పాఠ్యప్రణాళికలో ఉండటమే కాక, అవి ఏ సెమిస్టర్లలో నిజంగా నడిచాయో గత రెండేళ్ల టైమ్‌టేబుళ్లలో చూడాలి. విద్యార్థులు తగినంత మంది చేరకపోతే తరగతినే రద్దు చేయవచ్చు. అప్పుడు ఒక్క స్టాటిక్స్ కోసం ఏడాది ఆగవలసి రావచ్చు. ఏ క్రెడిట్లను (పూర్తిచేసిన కోర్సులకు లెక్కకట్టే యూనిట్లను) ఏ విశ్వవిద్యాలయం అంగీకరిస్తుందో నోటిమాటగా కాక రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు సంబంధించిన ఈ వివరాలు అసిస్ట్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి.

కళాశాలకు సంస్థాగత గుర్తింపు తప్పనిసరి. ఇంజనీరింగ్, టెక్నాలజీ కోర్సులను పరిశీలించే ఏబెట్ సంస్థ ఇచ్చే గుర్తింపు మాత్రం కళాశాలకు కాక కోర్సుకు సంబంధించినది. ఇంజనీరింగ్ టెక్నాలజీ చదివి నేరుగా ఉద్యోగానికి వెళ్లేవారు దాన్ని తప్పక అడగాలి, విశ్వవిద్యాలయానికి బదిలీ అయ్యేవారికి అది లేకపోవడం పెద్ద లోపం కాదు.

మన దేశం నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసాపై వెళ్లేవారు, ఆ కళాశాలకు ఆ వీసాకు అవసరమైన ఐ-20 పత్రం జారీచేసే అనుమతి ఉన్నదో లేదో సరిచూసుకోవాలి. స్థానికులు కట్టే ఫీజు వీరికి సాధారణంగా వర్తించదు.