హోబీ 16లో టిల్లర్ బరువుగా లాగుతుంటే ముందు చుక్కాని రెక్క చూడండి

హోబీ 16 రెండు హల్స్ (నీళ్ల మీద తేలే పొడవాటి పడవ దేహాలు) ఉన్న తెరచాప పడవ. దాని టిల్లర్ (చుక్కానిని తిప్పే కర్ర) బరువుగా ఉందనగానే అందరూ తల పైకెత్తి తెరచాప స్తంభం వైపు చూస్తారు. వెనక్కి తిరిగి నీళ్లలోకి చూసేవాళ్లు తక్కువ. ఆ తర్వాత స్తంభాన్ని నిలిపే పక్క తీగల పిన్నులు ఒక్కో రంధ్రం మార్చడం, తెరచాప బిగింపు మార్చడం, చివరికి పడవే మంచిది కాదని తేల్చేయడం. చూడాల్సినది మాత్రం ఎవరూ చూడరు. అందుకే దాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పడవ బిగించడం, తెరచాప ఎత్తడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

టిల్లర్ చేతులు లాగేస్తోంది

ముందు ఇది గాలి సమస్యా, చుక్కాని సమస్యా తేల్చుకోండి. పడవ వేగంగా పోతున్నప్పుడు పెద్ద తెరచాప తాడును ఒక్కసారి వదలండి. టిల్లర్ వెంటనే తేలికైతే తప్పు పైన ఉంది: స్తంభం మరీ వెనక్కి వాలి ఉంటుంది, లేదా జిబ్ (ముందున్న చిన్న తెరచాప) వదులుగా ఉండి పెద్ద తెరచాప ఒక్కటే లాగుతూ ఉంటుంది. తాడు వదిలినా, వేగం ఉన్నంతసేపూ టిల్లర్ బరువుగానే ఉంటే స్తంభం జోలికి వెళ్లకండి. చుక్కాని రెక్క పూర్తిగా కిందికి దిగలేదు.

ఇంకో గుర్తు ఇంతకంటే నమ్మకమైనది. గాలి ఎడమ నుంచి వస్తున్నప్పుడు మాత్రమే బరువు ఉండి, కుడి నుంచి వస్తే హాయిగా ఉంటే తప్పు కుడి చుక్కానిది. గాలి ఎడమ నుంచి తోస్తే కుడి హల్ నీళ్లలో లోతుగా దిగుతుంది, పని అంతా దాని చుక్కానే చేస్తుంది. ఎడమ హల్ లేచి, దాని చుక్కాని సగం బయటే ఉంటుంది. స్తంభం వాలు తప్పయితే రెండు వైపులా ఒకేలా తెలియాలి కదా.

రెక్క కొంచెం వెనక్కి జరిగితే ఇంత బరువు ఎందుకు? చుక్కాని తిరిగే ఇరుసుకు రెక్కలో కొంత భాగం ముందు, ఎక్కువ భాగం వెనుక ఉంటుంది. ముందు భాగం మీద నీళ్ల ఒత్తిడి వెనుక ఒత్తిడిని కొంత తగ్గిస్తుంది కాబట్టే రెండు వేళ్లతో నడపగలుగుతున్నాం. రెక్క వెనక్కి జరిగితే ఆ ముందు భాగం కూడా ఇరుసు వెనక్కి వెళ్లిపోతుంది. ఇక మొత్తం ఒత్తిడిని మీ చెయ్యే మోయాలి.

ఇది ఈ పడవ పుట్టుకలోనే ఉన్న విషయం. హోబీ ఆల్టర్ దీన్ని కాలిఫోర్నియాలో, అలల్లోంచి నేరుగా ఇసుక మీదికి ఎక్కించడానికి తయారు చేశాడు. అందుకే మధ్యలో దించే పలక లేదు. చుక్కానులు నేల తగిలితే పైకి లేచేలా ఉంటాయి. లేవాలంటే లాక్ విడిపోవాలి, నడవాలంటే లాక్ పట్టి ఉండాలి. ఈ రెంటి మధ్య చిన్న ప్లాస్టిక్ క్యామ్ (తిరిగి లాక్ పట్టే ముక్క), ఒక స్ప్రింగు, ఒక సర్దుబాటు స్క్రూ ఉన్నాయి. సమస్య అంతా అక్కడే.

చాలామంది తీరంలో టిల్లర్ దించి, టక్కుమని శబ్దం వినగానే లాక్ పడిందని నమ్మేస్తారు. ఆ శబ్దానికి అర్థం క్యామ్ తిరిగిందనే. రెక్క భారాన్ని ఓర్చుకుంటుందా అన్నది అది చెప్పదు. పడవ నిలిచి ఉన్నప్పుడు రెక్క నిటారుగా కనిపిస్తుంది. వేగం పెరిగాక నీళ్లు దాన్ని వెనక్కి నెడతాయి. రెక్క పైకీ కిందికీ తిరిగే ఇరుసు బోల్టు దగ్గర, క్యామ్ దగ్గర ఉన్న వదులంతా అప్పుడు బయటపడుతుంది. లాక్ పట్టుకునే చోట 2 మిల్లీమీటర్ల వదులు ఉంటే రెక్క అడుగున సెంటీమీటరుకు పైనే తేడా వస్తుంది. ఒడ్డుకు వచ్చి చూస్తే మళ్లీ అంతా సరిగ్గానే ఉంటుంది. మోసం చేసేది ఇదే. ఒక క్లబ్బు పడవకు ఒక సీజనంతా స్తంభం వాలు మార్చి మార్చి, చివరికి కొత్త తెరచాప కూడా కొన్నారు. బరువు తగ్గలేదు. దాని కుడి రెక్క బోల్టు రంధ్రం అరిగి కోలగా మారిపోయి ఉంది.

పరీక్ష ఇలా చేయండి. పడవను ట్రాలీ మీద ఎత్తి, రెక్క దించి లాక్ వేయండి. రెక్క మీద, దాన్ని పట్టుకున్న లోహపు దిమ్మ మీద కలిసేలా పెన్సిలుతో ఒకే గీత గీయండి. ఒకరు రెక్క అడుగు అంచును గట్టిగా వెనక్కి లాగాలి, ఇంకొకరు గీతను చూస్తుండాలి. గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తే మీ జబ్బు దొరికినట్టే. చేత్తో ఊరికే కదిపి చూస్తే తెలియదు, బలంగా లాగాలి.

బాగుచేయడం ఈ వరసలోనే చేయండి. మొదట ఇసుక. విశాఖ తీరంలో లాగా అలల మధ్య దిగే పడవకు లోహపు దిమ్మలో ఇసుక చేరి క్యామ్‌ను చివరిదాకా తిరగనివ్వదు. మంచినీళ్లతో బాగా కడగండి. గ్రీజు మాత్రం రాయకండి, అది ఇసుకను పట్టి ఉంచుతుంది. ఆరిపోయే సిలికాన్ స్ప్రే చాలు. తర్వాత ఇరుసు బోల్టు: రెక్క పక్కలకు ఊగకుండా, కిందికి దిగడానికి మాత్రం అడ్డు లేకుండా బిగించండి. ఆ తర్వాతే క్యామ్ స్ప్రింగు స్క్రూ. దాన్ని పావు తిప్పు చొప్పున బిగిస్తూ మళ్లీ గీత పరీక్ష చేయండి. ఒకేసారి బిగించేస్తే నేల తగిలినప్పుడు రెక్క లేవదు, హల్ వెనుక గోడే చీలిపోతుంది. అది చాలా ఖరీదైన మరమ్మతు.

ఇవన్నీ చేసినా కదులుతుంటే రంధ్రం అరిగింది. ఎపాక్సీతో పూడ్చి, పూర్తిగా గట్టిపడ్డాక కొత్తగా తొలవండి. రెక్క ముందు అంచు దిమ్మకు ఆనుకుని నిలిచేలా చూసుకోండి. రెక్క ఇంకా ముందుకు రావాలనుకుంటే రంధ్రాన్ని ఒక మిల్లీమీటరు మించి జరపకండి. ఎక్కువైతే టిల్లర్ మీ చేతిలోంచి తనంతట తానే పక్కకు దూకుతుంది, అది బరువు కంటే ప్రమాదం.

ఒక హల్ కిందికి కూర్చుంటోంది, పడవ మందకొడిగా సాగుతోంది

వెనుక బిరడా తీసి చూడండి. రబ్బరు వాషరు ఉందా, మరల్లో ఇసుక ఉందా? చాలాసార్లు ఇంతే. బిరడా బాగున్నా నీళ్లు వస్తుంటే ఎండ సంగతి గుర్తుంచుకోండి. ఒడ్డున కాలిన హల్‌లోని గాలి, పడవ నీళ్లలోకి దిగగానే చల్లబడి కుంచించుకుంటుంది. ఎక్కడ సన్నని చీలిక ఉన్నా అక్కడి నుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. సబ్బునీళ్లు పూసి, బిరడా రంధ్రంలోంచి నోటితో ఊదండి, బుడగలు చోటు చెబుతాయి. కంప్రెసర్ పెట్టకండి, అతుకు ఊడిపోతుంది. హల్ మీద చట్రం కాళ్లు దిగే చోట్లు, చుక్కాని బిగించిన స్క్రూలు మొదట చూడండి.

పెద్ద తెరచాప చివరిదాకా ఎక్కదు, ఎక్కినా జారుతుంది

పడవ ముక్కు గాలికి ఎదురుగా లేదు, లేదా స్తంభం పైనున్న కొక్కెంలో తాడు రింగు పడలేదు. తాడును స్తంభానికి దూరంగా ముందు నుంచి లాగుతూ పైదాకా ఎత్తి, తర్వాత స్తంభానికి దగ్గరగా తెచ్చి కొంచెం వదలండి. రింగు పడితే కింద నుంచి ఎంత బిగించినా తెరచాప దిగదు.

ముక్కు గాలిని దాటి రెండో వైపుకు తిరగడం లేదు, మధ్యలో ఆగిపోతోంది

వేగం లేకుండా తిప్పుతున్నారు, లేదా టిల్లర్‌ను ఒక్క తోపుతో తోసేస్తున్నారు. అలా తోస్తే రెండు చుక్కానులూ బ్రేకుల్లా పనిచేస్తాయి. నెమ్మదిగా మొదలుపెట్టి పెంచుతూ పోండి. ముక్కు గాలి గీత దాటేదాకా జిబ్‌ను పాత వైపే ఉంచండి, అది ముక్కును తోస్తుంది. ఆగిపోతే బూమ్‌ను (పెద్ద తెరచాప అడుగున ఉండే కర్రను) చేత్తో బయటికి తోసి, పడవ వెనక్కి పోతుండగా చుక్కానిని తిరగేసి వాడండి.

ముక్కు నీళ్లలోకి దూసుకుపోతోంది

హోబీ 16 హల్స్ ముందు భాగం సన్నం. ఇద్దరూ వెనక్కి జరగాలి, జిబ్ వదలాలి. హుసేన్‌సాగర్‌లో వర్షాకాలపు గాలి భవనాల మధ్య నుంచి విసురువిసురుగా వస్తుంది. ఆ రోజుల్లో ముందే వెనక్కి కూర్చోండి, విసురు వచ్చాక జరగడం ఆలస్యం.

బోల్తాపడితే లేవడం లేదు

తెరచాప తాళ్లన్నీ వదిలారా? ముక్కును గాలి వైపు తిప్పారా? ఇవి రెండూ చేయకుండా ఎంతమంది వేలాడినా వృథా. సన్నగా ఉన్న ఒక్కరు ఈ పడవను లేపలేరు, అందుకే బలమైన గాలిలో ఒంటరిగా వెళ్లకండి.

తీగలు, పిన్నులు

పక్క తీగల చివర ఒక్క పోగు తెగి ముల్లులా గుచ్చుకున్నా ఆ తీగను మార్చేయండి, మరుసటి వారానికి వాయిదా వేయకండి. ప్రతి పిన్ను రింగు మీద టేపు చుట్టండి, జిబ్ తాడు దాన్ని లాగేయగలదు. స్తంభం ఎత్తేముందు తలపైన చూడండి. 8 మీటర్ల స్తంభం కరెంటు తీగను అందుకుంటుంది, ట్రాలీ మీద లాగేటప్పుడు కూడా.

వంగిన స్తంభం, మెలి తిరిగిన చట్రం, హల్ పొరలు విడిపోవడం వంటివి అరుదు. ఇవి ఉన్నాయని అనుమానం వస్తే చూడగలిగిన వారికి చూపించండి, కానీ ముందు ఆ గీత పరీక్ష పూర్తి చేసి వెళ్లండి.