యుద్ధ మృతుల వివరాల నమోదు – పాఠం 4: పేరు తెలియని దేహానికి మొదటి ఫారం

మూడో పాఠంలో వెతకడం, మోసుకురావడం అయ్యాయి. దేహం ఇప్పుడు మీ ముందుంది. ప్రాణం లేదని డాక్టరు నిర్ధారించారు. పేరు తెలియదు. ఇక మీరు చేయాల్సింది ఒక నంబరు వేసి, ఫొటోలు తీసి, ఫారం నింపడం. ఆయన ఎవరో తేల్చడం మీ పని కాదు. రేపు ఇంకొకరు తేల్చడానికి వీలుగా రాసిపెట్టడం మీ పని. కొత్తవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తారు, తప్పులు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

చట్టం క్లుప్తంగా. 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం 16వ అధికరణ ప్రకారం, చేతికి చిక్కిన శత్రు సైనికుడి దేహమైనా సరే, గుర్తింపుకు పనికొచ్చే ప్రతి వివరాన్నీ వీలైనంత త్వరగా నమోదు చేయాలి. సర్వీసు నంబరు, పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ, చోటు, గాయాలు లేదా మరణ కారణం అందులోకి వస్తాయి. పూడ్చేముందు దేహాన్ని జాగ్రత్తగా, వీలైతే వైద్యపరంగా పరీక్షించాలనీ, పరిస్థితులు అనుమతించినంతవరకు ఒక్కొక్కరినీ విడిగా పూడ్చాలనీ 17వ అధికరణ చెబుతుంది. మన దేశంలో ఈ ఒప్పందాలకు 1960లో ప్రత్యేక చట్టమే చేశారు.

ముందు నంబరు. దొరికిన చోటు, బృందం, వరుస సంఖ్య: ‘వంతెన-2-017’ లాగా. ఒకసారి వాడిన నంబరు మళ్లీ వాడకూడదు. తడిసినా చెరగని సిరాతో రెండు ట్యాగులు రాయండి, ఒకటి దేహానికి, ఒకటి బ్యాగుకు. విడిగా చెయ్యో కాలో దొరికితే దానికీ వేరే నంబరే. పక్కనున్న దేహానిదే అని ఎంత గట్టిగా అనిపించినా రెండింటినీ కలపకండి.

మెడలో గుర్తింపు బిళ్ళ ఉంటే చూడండి. జంట బిళ్ళయితే ఒక సగం పై అధికారులకు పంపుతారు, రెండో సగం దేహంతోనే ఉండాలి. ఒకటే ఉంటే దాన్ని కదపకండి, అక్షరాలు రాసుకుని ఫొటో తీయండి. బిళ్ళలన్నీ ఊడదీసి ఒకే సంచిలో వేసుకొచ్చారంటే మీ చేతిలో పేర్లుంటాయి, ఎదురుగా దేహాలుంటాయి, ఏది ఎవరిదో చెప్పే దారి మాత్రం ఉండదు.

ఈ రాతపని ఎంత దూరం వెళ్తుందో దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్స్ దీవుల్లో చూడొచ్చు. ఆ దీవుల కోసం 1982లో బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన యుద్ధం ముగిశాక అర్జెంటీనా సైనికుల దేహాలు అక్కడ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. 1983 మొదట్లో బ్రిటిష్ అధికారి జెఫ్రీ కార్డోజో వాటిని సేకరించి ఆ దీవుల్లోనే డార్విన్ శ్మశానంలో పూడ్పించాడు. పేరు తెలియనివాళ్ల సమాధుల మీద ‘దేవుడికి మాత్రమే తెలిసిన అర్జెంటీనా సైనికుడు’ అని రాయించారు. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. ఒక్కో దేహాన్నీ పొరలు పొరలుగా చుట్టించి, ఎక్కడ దొరికిందో చెరగని సిరాతో రాయించి, ప్రతి సమాధి వివరంతో నివేదిక తయారుచేశాడు. 2008లో ఆ నివేదిక ప్రతి ఒక అర్జెంటీనా మాజీ సైనికుడి చేతికొచ్చింది. 2017లో రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ బృందం పేరులేని 121 సమాధులు తెరిచింది. కుటుంబాలిచ్చిన నమూనాలతో డీఎన్‌ఏ పోల్చగా, ఆ డిసెంబరుకల్లా 88 మంది ఎవరో తేలింది. పూడ్చినవాళ్లు శత్రువులే, గమనించండి.

ఇక ఫారం. మన పదో తరగతి సర్టిఫికెట్‌లో రెండు పుట్టుమచ్చలు రాయించుకున్న పద్ధతిలోనే ఉంటుంది: ఎక్కడ, ఏ వైపు, ఎంత. ‘బాంబు పేలి చనిపోయిన శత్రు సైనికుడు, 25 ఏళ్లు’ అని రాశారనుకోండి, అందులో మీరు కళ్లతో చూసింది ఒక్కటీ లేదు. అదే ఇలా రాస్తే: ‘పురుషుడు, వయోజనుడు. కుడి తొడ వెలుపల సుమారు 4 సెం.మీ. గాయం, అంచులు చీలి ఉన్నాయి. ఎడమ మోచేతి కింద పచ్చబొట్టు. పై వరుసలో ముందుపన్ను ఒకటి లేదు.’ ఆడో మగో తెలియకపోతే ‘తెలియదు’ అనే రాయండి. జేబులో ఒక పేరుతో కార్డు దొరికితే ‘జేబులో ఈ పేరుతో కార్డు ఉంది’ అనండి, పేరు గడిలో మాత్రం నింపకండి. అది స్నేహితుడి కార్డు కావచ్చు.

మరణ కారణం రాయాల్సింది డాక్టరే. అసలు టెన్షన్ ఇక్కడే. మణికట్లు తాడుతో కట్టి ఉన్నాయనుకోండి, ‘ఎదురుకాల్పుల్లో చనిపోయాడని రాసెయ్యండి సార్’ అనేవాళ్లు పక్కనే నిలబడతారు. యుద్ధమైనా శాంతి అయినా వైద్య నీతి ఒకటేనన్నది ప్రపంచ వైద్య సంఘం చెప్పే మాట. ముడి విప్పకండి, ఫొటో తీయండి, ‘రెండు మణికట్లూ వెనక్కి కట్టి ఉన్నాయి’ అని రాయండి. ఎవరు కట్టారో మీరు రాయనక్కర్లేదు.

పూర్తి దేహం, ముఖం, ప్రత్యేక ఆనవాళ్లు, బట్టలు: ప్రతి ఫొటోలోనూ నంబరు కనిపించాలి. సొంత ఫోన్‌లో మాత్రం ఒక్కటీ ఉంచుకోకండి. ఇరాక్, సిరియాలలో మృతదేహాల పక్కన పోజులిచ్చినవాళ్లకు జర్మనీ, ఫిన్లండ్, స్వీడన్ కోర్టులు యుద్ధనేరం కింద శిక్ష వేశాయి.

మనవాళ్లకు కొత్తగా అనిపించే సంగతి ఒకటుంది. మన ఇళ్లలో చాలామందికి అంత్యక్రియలంటే దహనమే. అందుకే పేరు తెలియకపోయినా ‘ఉంచితే రోగాలొస్తాయి, కాల్చేద్దాం’ అంటారు. గాయాలతో పోయినవాళ్ల దేహాల వల్ల అంటురోగాలు ప్రబలుతాయన్నది అపోహ. తప్పనిసరి పారిశుద్ధ్య కారణం ఉంటేనో, మృతుడి మతం కోరితేనో తప్ప 17వ అధికరణ దహనానికి ఒప్పుకోదు. చేసినా కారణం మరణ ధ్రువపత్రంలో వివరంగా రాయాలి. బూడిదైతే వేలిముద్ర, పచ్చబొట్టు పోతాయి, డీఎన్‌ఏ దొరకడమూ గగనమే.

అభ్యాసం: ఇంట్లో మగవాళ్ల పాత చొక్కాలు ఐదు తీయండి. ఒక్కోదానికి నంబరిచ్చి వివరం రాయండి. మర్నాడు నంబర్లు తీసేసి, చొక్కాలు కలిపేసి, మీ కాగితం ఇంకొకరికిచ్చి ఏది ఏదో చెప్పమనండి. ‘నీలం చొక్కా’ అని మాత్రమే రాసుంటే వాళ్లు అక్కడే ఆగిపోతారు. కాలర్ లోపలి టైలర్ లేబుల్, రంగు కలవని మూడో గుండీ, జేబు మీది సిరా మరక మీ కాగితంలో ఉన్నాయేమో చూసుకోండి. ఐదూ సరిపోయాకే ఐదో పాఠానికి రండి. జేబుల్లో దొరికిన డబ్బు, ఉత్తరాలు, ఉంగరాలు సీలు కవర్లో ఎలా పెట్టాలో అందులో చూద్దాం.